మాట అందించే మనిషి

జూడీ డెంచ్ ఇప్పుడు సంభాషణలు నేర్చుకునేది చెవితో. దగ్గరి స్నేహితులెవరో పక్కన కూర్చుని ఒక వాక్యం చదువుతారు. ఆమె విని పలుకుతారు. వాళ్ళు మళ్ళీ చదువుతారు, ఆమె మళ్ళీ పలుకుతారు. నోటికి వచ్చేదాకా అంతే. వేదపాఠశాలలో గురువు ఒకసారి అంటే పిల్లలు రెండుసార్లు అనే సంథ పద్ధతి మనకు తెలిసిందే. తొంభై దాటిన ఆ ఇంగ్లిష్ రంగస్థల నటి కూడా చివరికి అలాంటి దారికే వచ్చారు.

ఒకప్పుడు ఆమెకు ఈ అవసరం ఉండేది కాదు. పేజీ చూస్తే చాలు, పేజీకి పేజీ మనసులో అచ్చుపడిపోయేదట. తర్వాత కంటి రెటీనా నడిమి భాగం, మాక్యులా అంటారు దాన్ని, క్షీణించడం మొదలైంది. 2012లో ఆ సంగతి ఆమే బయటపెట్టారు. ఆమె తల్లికి కూడా ఇదే జబ్బు ఉండేది. ఇందులో లోకమంతా ఒక్కసారిగా చీకటైపోదు. పక్కల ఉన్నవి ఎంతో కొంత తెలుస్తూనే ఉంటాయి. దేన్ని చూస్తే అదే కనబడకుండా పోతుంది. ఎదుటి మనిషి ముఖం, చేతిలోని కాగితం మీద అక్షరం, అంటే సరిగ్గా మనం చూడాలని కోరుకునేవే ముందు పోతాయి.

2015లో లండన్ గ్యారిక్ థియేటర్‌లో షేక్‌స్పియర్ 'ది వింటర్స్ టేల్' ఆడినప్పటి ఒక సంగతి ఆమె నవ్వుతూ చెబుతుంటారు. అందులో ఆమె వేసింది పౌలీనా పాత్ర. నిరపరాధి అయిన భార్య మీద నింద మోపిన రాజుకు ముఖాన్నే నిజం చెప్పే మనిషి పౌలీనా. రాజు వేషం కెన్నెత్ బ్రానాది. ఆయన ఒకసారి ఆమెతో ఒక చిన్న మాట అన్నారట. ఆ సంభాషణను ఓ ఎనిమిది అడుగులు కుడివైపుకు తిరిగి చెబితే తనతో చెప్పినట్టుంటుందని, ఇప్పుడది వేదిక ముందు కమానుతో చెప్పినట్టుందని. ఆ పాత్రకే 2016లో ఆమెకు ఎనిమిదో ఒలివియర్ పురస్కారం వచ్చింది.

ఆ ఎనిమిది అడుగుల లెక్క నాకు చాలా నచ్చింది. అందులో జాలి లేదు. అయ్యో పాపం అనడం లేదు. ఏమీ జరగనట్టు నటించడమూ లేదు. ఎటు తిరగాలో, ఎంత తిరగాలో చెప్పడం, అంతే. సాయమంటే ఇంత తేలిగ్గా కూడా ఉండొచ్చన్నమాట.

మనలో చాలామందికి ఆమె జేమ్స్ బాండ్‌కు పై అధికారి 'ఎం'గా తెలుసు. 1995 నాటి 'గోల్డెన్ ఐ'తో మొదలుపెట్టి ఆ పొట్టి జుట్టు, ఆ సూటి చూపు మనకు అలవాటయ్యాయి. రాజస్థాన్‌లో తీసిన 'ది బెస్ట్ ఎగ్జోటిక్ మేరీగోల్డ్ హోటల్' చూసినవాళ్ళు, ఆగ్రా నుంచి వెళ్ళి రాణికి ఉర్దూ నేర్పిన మున్షీ కథ 'విక్టోరియా అండ్ అబ్దుల్' చూసినవాళ్ళు కూడా ఉంటారు. 'షేక్‌స్పియర్ ఇన్ లవ్'లో ఆమె కనిపించేది ఎనిమిది నిమిషాల సుమారు. దానికి ఆస్కార్ ఇచ్చారు. కానీ ఇవన్నీ అరవై దాటాక వచ్చిన సంగతులు. వయసులో ఉన్నప్పుడు సినిమా అవకాశం కోసం వెళితే, నీ ముఖంలో ఉండకూడనివన్నీ ఉన్నాయని ఒక దర్శకుడు చెప్పి పంపించేశాడట. అప్పటిదాకా ఆమె బతుకు ఎక్కువగా గడిచింది నాటకాల్లోనే.

పుట్టింది 1934 డిసెంబరు 9న, ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌లో. నాన్న రెజినాల్డ్ డెంచ్ డాక్టరు. ఊళ్ళో థియేటర్ రాయల్ నటులకు జ్వరమొచ్చినా గొంతు పోయినా ఆయనే చూసేవారు. అమ్మ ఆలివ్ డబ్లిన్ నుంచి వచ్చిన మనిషి. యార్క్‌లో మధ్యయుగాల నాటి బైబిల్ నాటకాలను దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత 1951లో మళ్ళీ ఆడించారు, పాడుబడిన సెయింట్ మేరీస్ మఠం గోడల మధ్య, ఆరుబయట. వాటి దుస్తుల పని ఆ తల్లి చూసుకునేది. కూతురు దేవదూతల్లో ఒకతి. కొన్నేళ్ళకు అదే చోట మేరీమాత వేషం వేసింది. ఊరి జనమే నటులు, ఊరి జనమే ప్రేక్షకులు. అమ్మ కుట్టిన బట్టలు వేసుకుని, నాన్నకు తెలిసిన మనుషుల ఎదుట నిలబడటం ఆమె తొలి నాటకానుభవాల్లో ఒకటి. ఇక నాటకమంటే ఆమెకు ఇంటి వ్యవహారంగా అనిపించకుండా ఎలా ఉంటుంది?

నిజానికి ఆ పిల్ల అవుదామనుకున్నది నటి కాదు. రంగాలంకరణ చేయాలనుకుంది. కొన్నాళ్ళు చిత్రకళ చదివింది కూడా. 1953లో స్ట్రాట్‌ఫర్డ్‌లో మైకేల్ రెడ్‌గ్రేవ్ వేసిన 'కింగ్ లియర్' చూసింది. వేదిక మధ్య పెద్ద బండరాయి ఒకటి. కాసేపు అది సింహాసనం, కాసేపు గుహ. తెర ఎత్తడం దించడం, సామాను మార్చడం ఏమీ లేవు. ఇంత గొప్ప ఊహ నాకు ఎప్పటికీ రాదు అనుకుని ఆ ఆశ అక్కడితో వదిలేసింది. అప్పటికే అన్నయ్య జెఫ్రీ నటన వైపు వెళ్ళాడు. ఆమె కూడా అటే నడిచింది. లండన్ సెంట్రల్ స్కూల్లో చేరింది. అక్కడ తోటి విద్యార్థిని వనెస్సా రెడ్‌గ్రేవ్.

చదువు ముగిసీ ముగియగానే 1957లో ఓల్డ్ విక్ బృందంలో ఒఫీలియా. ఇరవై మూడేళ్ళు కూడా నిండని పిల్లకు 'హామ్లెట్' నాయిక వేషం. పత్రికలు అస్సలు మెచ్చుకోలేదు. బృందం అమెరికా పర్యటనకు వెళ్ళేటప్పుడు ఆ వేషం తీసి మరొకరికి ఇచ్చారు. అలాంటప్పుడు ముఖం చెల్లక తప్పుకున్నవాళ్ళు ఎంతమందో. ఆమె మాత్రం బృందాన్ని వదల్లేదు. పర్యటనకూ వెళ్ళారు. ఇచ్చిన చిన్న వేషాలు వేశారు. తన చేతిలోంచి జారిన పాత్రను ఇంకొకరు వేస్తుంటే అదే బృందంలో నవ్వుతూ మసలడం ఆ వయసులో ఎంత కష్టమో ఉద్యోగాలు చేసినవాళ్ళకు తెలియకపోదు.

మూడేళ్ళకు, 1960లో, అదే ఓల్డ్ విక్‌లో ఇటలీ నుంచి వచ్చిన ఫ్రాంకో జెఫిరెల్లి ఆమెను జూలియెట్ చేశారు. ఎండలో కాగిన ఇటలీ వీధులు, దుమ్ము, గోలగోలగా కుర్రాళ్ళు. అప్పటిదాకా అందంగా పద్యం చదివే అలవాటున్న ఇంగ్లిష్ వేదికకు అది కొత్త. ఆ నాటకం గురించి పండితులు రాసింది చాలా ఉంది. నాకు మాత్రం గుర్తుండిపోయింది ఒకటే.

ఆ రాత్రి అమ్మానాన్నలు ప్రేక్షకుల్లో కూర్చున్నారు. వేదిక మీద జూలియెట్ గుండె పగిలి ఉంది. మేనమామ కొడుకు చనిపోయాడు, చంపింది తన భర్త. మా నాన్న ఎక్కడ, మా అమ్మ ఎక్కడ అని దాదిని అడగాలి. ఆమె అడిగారు. వెంటనే చీకట్లోంచి ఒక మగగొంతు పలికింది, ఇక్కడే ఉన్నాం తల్లీ, హెచ్ వరుసలో అని.

అది విని ఆ రాత్రి ఎంతమంది నవ్వి ఉంటారో. నాకు మాత్రం ఎప్పుడు తలుచుకున్నా గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఆయన థియేటర్ డాక్టరు. నాటకమంటే ఏమిటో తెలియని మనిషి కాదు. మధ్యలో మాట్లాడకూడదని ఆయనకు తెలియదా? తెలుసు. కానీ కూతురు ఏడుపు గొంతుతో నాన్న ఎక్కడ అని అడిగింది. ఆడపిల్ల తండ్రికి ఆ క్షణంలో నాటకం, వేదిక, వందలమంది జనం గుర్తుంటాయా? నటికి అంతకంటే మెచ్చుకోలు ఏముంటుంది? ఆ తండ్రి 1964లోనే పోయారు. కూతురికి దక్కిన బిరుదులు, పురస్కారాలు చాలావరకు ఆయన చూడలేదు. ఆ రాత్రి అయితే చూశారు.

ఆ తర్వాతి పేరు ప్రతిష్ఠల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. రెండు సంగతులు మాత్రం చెప్పాలనిపిస్తోంది. 1976లో స్ట్రాట్‌ఫర్డ్‌లో 'ది అదర్ ప్లేస్' అనే రేకుల షెడ్డులో ట్రెవర్ నన్ 'మాక్‌బెత్' ఆడించారు. నటులు గుండ్రంగా పెట్టెల మీద కూర్చునేవారు. తమ వంతు వచ్చినప్పుడు లేచి మధ్యలోకి నడిచేవారు. ఇయన్ మెకెలెన్ మాక్‌బెత్, ఆమె అతని భార్య. కీడును ఆవాహన చేసుకునే ఆ ఇల్లాలిని చూసి భయపడి ఒక మతగురువు ప్రేక్షకుల్లో కూర్చుని శిలువ ఎత్తి పట్టుకునేవారట, ఆ నటుల క్షేమం కోసం. చేయి చాస్తే అందేంత దగ్గరలో జనం కూర్చున్న నాటకం అది. ఇంకొకటి 1987 నాటిది. పీటర్ హాల్ క్లియోపాత్రా వేయమంటే ఆమె ఒప్పుకోలేకపోయారు. నేను పొట్టిదాన్ని, వయసు మళ్ళినదాన్ని, నేనేమిటి క్లియోపాత్రా ఏమిటి అని వెనకడుగు వేశారు. యాభై రెండేళ్ళు అప్పటికి. ఆంథోనీ హాప్కిన్స్ పక్కన ఆ పాత్ర వేసి ఒలివియర్ తెచ్చుకున్నారు. తన మీద తనకు లేని నమ్మకం పక్కవాళ్ళకు ఉండటం, వాళ్ళ నమ్మకం అరువు తెచ్చుకుని వేదిక ఎక్కడం ఆమె జీవితంలో చాలాసార్లు కనిపిస్తుంది.

అలా నమ్మినవారిలో ముందు చెప్పుకోవలసింది మైకేల్ విలియమ్స్‌ని. ఆయనా నటుడే. 1970లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీతో ఆమె ఆస్ట్రేలియాలో ఉంటే విమానమెక్కి వెళ్ళి పెళ్ళి మాట ఎత్తారు. ఇక్కడ ఎండ, సముద్రం, అంతా మరీ అందంగా ఉంది, ఇప్పుడు కాదు, బాటర్‌సీలో వాన పడే రాత్రి అడుగు, అప్పుడు సరే అంటాను అన్నారట ఆమె. లండన్‌లో ముసురు పట్టే ఒక పేట బాటర్‌సీ. వెలుగులో ఇచ్చిన మాటను ముసురులోనూ ఒకసారి సరిచూసుకుందాం అనే జాగ్రత్త అది. 1971 ఫిబ్రవరిలో పెళ్ళయింది.

తర్వాత స్ట్రాట్‌ఫర్డ్ దగ్గరి పల్లెలో వాళ్ళు కాపురమున్న తీరు మన పాఠకులకు చాలా దగ్గరగా తోస్తుంది. ఆయన తల్లిదండ్రులు, భర్త పోయిన ఆమె తల్లి, వీళ్ళిద్దరూ, కూతురు ఫింటీ, అందరూ ఒక్క ఇంట్లో. వియ్యంకులు ఒకే కప్పు కింద ఉంటే ఎన్ని మాటలు వస్తాయో మనకు చెప్పక్కర్లేదు. ఆ ఇల్లు అలాగే సాగింది. పెద్దవాళ్ళను చూసుకుని సాయంత్రం వెళ్ళి వేషం వేయడం ఇద్దరికీ ఉమ్మడి బతుకైపోయింది. ఆయన ప్రతి శుక్రవారం ఆమెకు ఒక ఎర్ర గులాబీ పంపేవారు.

ఇంకో చిన్న అలవాటు ఉంది. ఆమె చాలాసార్లు నాటకం ప్రతి తనంతట తాను చదివేవారు కాదు. మైకేల్ చదివి కథ చెప్పేవారు, ఆమె వినేవారు, నచ్చితే ఒప్పుకునేవారు. చదువుకున్న మనిషి, కళ్ళు బాగున్న రోజులు, అయినా ఒకరు చెబితే వినడంలోనే ఆమెకు సుఖం ఉండేది. తర్వాత కళ్ళు పోయినప్పుడు స్నేహితులు చదివి వినిపించడం ఆమెకు పూర్తిగా కొత్త కాకపోవడానికి ఇదీ ఒక కారణమేమో అనిపిస్తుంది నాకు.

2001 జనవరిలో మైకేల్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ముప్పై ఏళ్ళ దాంపత్యానికి కొద్దిరోజులు తక్కువ. ఆమె ఇంట్లో కూర్చోలేక ఒకదాని వెంట ఒకటి పనులు ఒప్పుకున్నారు. ఆ ఏడాదే వచ్చిన 'ఐరిస్'లో వేసింది రచయిత్రి ఐరిస్ మర్డాక్ పాత్ర. జీవితమంతా మాటలతో బతికి, ఆఖర్న మతిమరుపు జబ్బుతో ఒక్కొక్క మాటా పోగొట్టుకున్న మనిషి. పక్కనే ఉండి ఆమెను కనిపెట్టుకునే భర్త కథ కూడా అది. అప్పుడే భర్తను పోగొట్టుకున్న ఆమె ఆ సన్నివేశాలు ఎలా చేశారో.

ఆమె సర్రీలోని ఇంటి చుట్టూ చెట్లున్నాయి. పోయిన ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క మొక్క నాటడం అలవాటు. 2017లో బీబీసీ వాళ్ళు ఆ తోటలో ఆమెతో ఒక చిత్రం తీశారు. చెట్టు మొదలు దగ్గర నిలబడి పేరు పెట్టి పలకరించడం అందులో చూడొచ్చు. మైకేల్ పేరున ఉంది, తోటి నటుల పేరున ఉన్నాయి. పోయారని ఊరుకోకుండా, వాళ్ళింకా పెరుగుతూనే ఉన్నారనుకోవడంలో ఆమెకు ఊరట.

ఈ మధ్య ఆమె చెప్పిన మాటలు ఇంకొంచెం బరువుగా ఉంటున్నాయి. ఒంటరిగా బయటికి వెళ్ళడం లేదు, ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే, లేకపోతే దేనికో తగిలి పడిపోతాను అన్నారు. మనుషుల్ని గుర్తుపట్టలేకపోతున్నాను, టీవీ కనబడదు, చదవలేను అన్నారు. చెబుతూనే ఇంకో మాట కలిపారు. ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళాలంటే నాకు ముందునుంచీ బెరుకే అని.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చూపు తగ్గిందని చెప్పడానికి ఎంత మొహమాటపడతారో చూస్తూనే ఉంటాం. పేపరు చేత్తో పట్టుకుని చదువుతున్నట్టే కూర్చుంటారు. పెళ్ళిలో ఎవరో వచ్చి నమస్కారం పెడితే, ఎవరో తెలియకపోయినా, బాగున్నావా నాయనా అని నవ్వేస్తారు. చెవి వినబడకపోతే అన్నిటికీ తల ఊపుతారు. మెట్టు దగ్గర చేయి పట్టుకోబోతే నాకేం ఫరవాలేదు అని విదిలిస్తారు. ఒకరి మీద ఆధారపడకూడదు అనేది వాళ్ళు బతుకంతా కాపాడుకున్న నియమం. ఎవరికీ భారం కాకుండా పోతే చాలు అనే మాట రోజుకొక్కసారైనా వాళ్ళ నోట వింటాం. అది విన్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఎందుకంటే ఆ మాట అంటున్నవాళ్ళు తమ జీవితంలో ఎంతమందిని మోశారో మనకు తెలుసు, వాళ్ళు గుర్తుంచుకోకపోయినా.

నాటకంలో ఉన్నవాళ్ళకు ఈ మొహమాటం కొంచెం తక్కువనుకుంటాను. అక్కడ ఎవరూ సొంతంగా నిలబడరు. మన సంభాషణ మొదలవ్వాలంటే ఎదుటివాళ్ళది పూర్తవ్వాలి. మరిచిపోతే తెర పక్కనుంచి ఒకరు మాట అందించాలి. దీపం ఒకరు వెలిగిస్తారు, బొత్తాలు ఒకరు పెడతారు, చీకట్లో చేయి పట్టుకుని ఒకరు దారి చూపిస్తారు. దీన్ని సాయమని కూడా ఎవరూ అనరు. పని అంటారు. దాదాపు అరవై ఏళ్ళు ప్రతి రాత్రీ ఇలా బతికిన మనిషికి, ఎనిమిది అడుగులు కుడివైపు అని ఒకరు చెబితే నొచ్చుకోవాలని తోచకపోవచ్చు.

2020లో కరోనాకు ఇళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు మనవడు సామ్ ఆమెతో టిక్‌టాక్ వీడియోలు చేయించాడు. ఎనభై అయిదేళ్ళ అమ్మమ్మ వాడు చెప్పినట్టల్లా ఆడింది. తప్పు చేస్తే వాడు దిద్దేవాడు. వాటిని లక్షలమంది చూశారు.

2023లో ఆమె షేక్‌స్పియర్ పాత్రల మీద ఒక పుస్తకం వచ్చింది. అది ఆమె కూర్చుని రాసింది కాదు. నటుడు, దర్శకుడు బ్రెండన్ ఓహే అడుగుతూ పోయారు, ఆమె చెబుతూ పోయారు. మొదట దాచిపెట్టడానికని రికార్డు చేసుకున్న కబుర్లే పుస్తకమయ్యాయి. షేక్‌స్పియర్‌ను ఆమె, మైకేల్ ఇద్దరూ ఇంటద్దె కట్టే పెద్దమనిషి అని పిలుచుకునేవారు. పుస్తకానికి ఆ పేరే పెట్టారు. ఒఫీలియా, జూలియెట్, లేడీ మాక్‌బెత్, క్లియోపాత్రా, పౌలీనా, ఇలా ఆమె వేసినవాళ్ళందరూ ఆ సంభాషణల్లో మళ్ళీ వస్తారు. ఆ పద్యాలన్నీ ఆమెకు ఇంకా కంఠతా వచ్చు. ఏ యాభై ఏళ్ళ కిందటో తోటివాళ్ళతో కలిసి చెప్పినవి కంటిచూపుతో పాటు పోలేదు.

2024 సెప్టెంబరులో మ్యాగీ స్మిత్ పోయారు. ఓల్డ్ విక్ రోజుల్లో మొదలైన స్నేహం. ఒకే ఏడాది, ఒకే నెలలో పుట్టినవాళ్ళు. వేదిక మీద, సినిమాల్లో, టీ తాగుతూ కబుర్లాడుకున్న డాక్యుమెంటరీలో ఎన్నోసార్లు పక్కపక్కన కూర్చున్నవాళ్ళు. ఆ దగ్గర్లోనే ఇంకో పాత నేస్తం, నటి బార్బరా లీ-హంట్ కూడా పోయారు. అక్టోబరులో చెల్టెనమ్ సాహిత్యోత్సవంలో పుస్తకం గురించి మాట్లాడటానికి జూడీ డెంచ్, ఓహే కూర్చున్నారు. దుఃఖం గురించి ఎవరో అడిగారు. ఆమె ఏదో చెప్పబోయారు. దుఃఖంలోంచి పుట్టే శక్తి గురించి ఒక వాక్యం మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయారు. కళ్ళనిండా నీళ్ళు.

పక్కనున్న ఓహే ఆ వాక్యం అందుకున్నారు. ఇది ఆమెకు కష్టమైన వారమని, స్నేహితులు పోయారని, ఆ ఇద్దరి పేర్లూ ఆయనే చెప్పారు.